తుపాకీ ఆఖరున కొనండి

మూతిలోంచి మందు కూరి పేల్చే పాతకాలపు తుపాకీ మీద మనసు పడినవాళ్లకి అమెరికాలో అందరూ ఇచ్చే సలహా ఒకటే. తేలిగ్గా పేలే కొత్తరకం ఇన్‌లైన్ రైఫిల్ ఒకటి, దాంతోపాటు అట్టపెట్టెలో వచ్చే స్టార్టర్ కిట్ ఒకటి కొనుక్కుని, ఎండ కాసే శనివారం చూసి రేంజికి వెళ్లమంటారు. నేను ఇందులో ఒక్క ముక్క కూడా ఒప్పుకోను. తుపాకీ ఆఖరున కొనండి. మొదటి ఏడాది అసలు కొనొద్దు. ముందు గుడ్డ, తర్వాత బకెట్టు, ఆ తర్వాత చెకుముకి రాయి, మందు కొమ్ము కొనండి. తుపాకీ సంగతి వచ్చే ఏడాది చూసుకోవచ్చు.

మామూలు తుపాకీలో తూటా ఫ్యాక్టరీలో తయారై వస్తుంది. ఇక్కడ తూటాను తయారు చేసేది మీరే. ప్రతి దెబ్బకీ మందు కొలిచి పోయాలి, గుడ్డ చుట్టి గుండు కూరాలి, లోపలి మందుని అంటించే రంజకం పెట్టాలి. ఈ పనుల్లో ఏ ఒక్కటి వంకరగా జరిగినా ఎంత ఖరీదైన గొట్టమైనా చేయగలిగింది లేదు. చేతికి పని రాకముందే తుపాకీ చేతికొస్తే మనసంతా ట్రిగ్గర్ మీదే ఉంటుంది. గురి తప్పిన ప్రతిసారీ తుపాకీని తిట్టుకుని ఇంకోటి కొనేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

కాబట్టి తుపాకీ దుకాణానికి కాదు, బట్టల కొట్టుకి వెళ్లండి. జేబులో కాలిపర్ పెట్టుకుని మరీ వెళ్లండి. మీకు కావలసింది దిండు గలీబులకి వాడే, నీలం తెలుపు చారల దళసరి నూలుగుడ్డ. అక్కడ దాన్ని పిల్లో టికింగ్ అంటారు. అర అంగుళం బోరున్న రైఫిల్‌కి సాధారణంగా 0.490 అంగుళాల సీసం గుండు వాడతారు. మిగిలిన సందుని గుడ్డ పూడ్చాలి. గొట్టం లోపలి మెలికల గాళ్లను పట్టుకునేది ఆ గుడ్డే, గుండు కాదు. గుండు గొట్టానికి తగలకుండానే తిరుగుతూ బయటికి పోతుంది. అంగుళంలో వెయ్యోవంతులు పదిహేను నుంచి పద్దెనిమిది దాకా మందం ఉన్న గుడ్డ చాలామందికి కుదురుతుంది. కొట్లో థాను విప్పించి కొలవండి. అమ్మే అమ్మాయి వింతగా చూస్తే చూడనివ్వండి. పాలియెస్టర్ కలిసిన గుడ్డ కరిగి గొట్టానికి అంటుకుంటుంది, అది అసలే వద్దు. పెట్టెలో దాచుకున్న మంగళగిరి పంచె కూడా పనికిరాదు, పలచన. కొన్న గుడ్డని గంజి పోయేదాకా ఉతికి ఆరేసి, మళ్లీ కొలవండి.

ఇప్పుడు రేంజికి వెళ్లండి, వట్టి చేతులతోనే. అక్కడ కాల్చేవాళ్లు గురి బొమ్మల కేసి చూస్తుంటారు. మీరు నేల కేసి చూడండి. కాల్పులు ఆపి, తుపాకులు కింద పెట్టి, అందరూ ముందుకి నడవొచ్చని అరిచినప్పుడు, అడిగి మరీ వాళ్లతో వెళ్లండి. కాల్చిన చోటికి కొన్ని గజాల ముందు గడ్డిలో మాడిన గుడ్డముక్కలు పడి ఉంటాయి. ఒకటి తీసి అరచేతిలో పరవండి. మధ్యలో గుండు కూర్చున్న చోట మసి పట్టిన బిళ్ల ఉంటుంది. దాని చుట్టూ గొట్టం గాళ్లు నొక్కిన గుర్తులు వరసగా కనిపిస్తాయి. అంచులు పోగులు విడిపోయి ఉంటాయి. నేత చెదరకుండా ఉంటే ఆ తుపాకీ సుఖంగా ఉన్నట్టే. మధ్యలో కాలి బొక్క పడితే గుడ్డ పలచనైనా అయి ఉండాలి, గుడ్డకి రాసిన జిడ్డు చాలకైనా పోయి ఉండాలి. కత్తితో కోసినట్టు చీలితే మూతి దగ్గరి అంచు పదునుగా ఉందన్నమాట. ఎవరి ముక్క ఎవరిదో అడిగి తెలుసుకుని, వాళ్ల గురి బొమ్మ పక్కన పెట్టి చూడండి. కొన్ని నెలలు ఈ ఒక్క పనే చేయండి. స్కోరు కాగితం ఎంత చెడిందో చెబుతుంది, ఎందుకు చెడిందో గుడ్డముక్క చెబుతుంది. నన్నడిగితే మొదటి ఏడాది ఎవరూ స్కోరు రాసుకోకూడదు.

రెండోది బకెట్టు. కడగడం రాకుండా కాల్చడం నేర్చుకోవద్దు. బ్లాక్ పౌడర్ అంటే సురేకారం, బొగ్గు, గంధకం. స్థూలంగా నూటికి 75, 15, 10 పాళ్లు. అది కాలితే సగానికి పైగా వాయువు కాకుండా ఘనపదార్థంగానే మిగులుతుంది. కొంత తెల్లటి పొగై ఎగిరిపోతుంది, మిగిలింది గొట్టానికి అంటుకుని గాలిలో చెమ్మ పీల్చుకుని ఇనుముని తినేస్తుంది. విరుగుడు వేడినీళ్లూ, గిన్నెలు తోమే సబ్బూ. అంతకుమించి సీసాల్లో అమ్మే ద్రావకాల మీద డబ్బు తగలేయకండి. రేంజిలో ఎవరైనా పెద్దాయన్ని పట్టుకుని, "మీ తుపాకీ నేను కడిగి పెడతానండీ" అనండి. ఆయన కాదనడు. కడగడానికి ముందు అందులో ఏమీ లేదని ఆయన చేతనే చూపించుకోండి. నీళ్లు నల్లబడి కుళ్లిన కోడిగుడ్డు కంపు కొడతాయి, గంధకం మహిమ. ఇంట్లో మాత్రం ఈ పని పెరట్లో పెట్టుకోండి. "వంటింటి సింకులో ఏంటండీ ఈ కంపు?" అని అడిగించుకున్నాక ఏ సరదా అయినా ఎక్కువ రోజులు సాగదు.

మూడోది రాయి. ఇక్కడే నన్ను చాలామంది మూర్ఖుడంటారు. టోనీ నైట్ అనే గన్‌స్మిత్ 1985లో తెచ్చిన ఎంకే-85 రైఫిల్ తర్వాత ఇన్‌లైన్ తుపాకులు ఊరూరా వచ్చేశాయి. వర్షానికి తొణకవు, వెంటనే పేలతాయి. కొత్తవాళ్లు వాటితో మొదలుపెట్టి, చేయి తిరిగాక చెకుముకి తుపాకీకి రావాలంటారు. నేను తలకిందులుగా రమ్మంటాను, అన్నిటికన్నా కష్టమైనదే మొదట పట్టమంటాను. అలెగ్జాండర్ ఫోర్సిత్ అని స్కాట్లండ్‌లో ఒక పాస్టరుండేవాడు. వేటలో రంజకం భగ్గుమనగానే పక్షులు చూసి ఎగిరిపోతున్నాయని విసిగి, దెబ్బ తగిలితే పేలే రసాయనంతో కొత్త పద్ధతి కనిపెట్టి 1807లో పేటెంటు తీసుకున్నాడు. పక్షులకి దొరికిన ఆ లిప్తపాటే మీకు గురువు. రంజకం మండాక లోపలి మందు అంటుకునేలోగా చేయి కదలకూడదు, కన్ను మూయకూడదు. ఇది వచ్చినవాడికి ఏ తుపాకీ అయినా వస్తుంది. తేలికదానితో మొదలెట్టినవాడు ఆ ఓపిక ఎప్పటికీ నేర్చుకోడు.

ఇంగ్లండులో సఫోక్ జిల్లా బ్రాండన్ నల్లరాయి, ఫ్రాన్సు తేనెరంగు రాయి, రెండూ కొనండి. తోలుముక్కలో చుట్టి బిగించిన రాయి అంచు ఎదురు ఉక్కుకి ఈ చివర నుంచి ఆ చివరదాకా ఒకేసారి తగలాలి. ఒక మూలే తగిలితే నిప్పురవ్వలు రాలవు. రంజకానికి నాలుగు ఎఫ్‌ల మెత్తని మందు, చిటికెడు. పక్కనున్న సన్నని బెజ్జాన్ని పూడ్చేసేంత పోయకండి. పూడితే మంట దూకాల్సింది పోయి వత్తిలా నింపాదిగా పాకుతుంది. ఈ తుపాకీకి అసలైన బ్లాక్ పౌడరే కావాలి. పైరోడెక్స్ లాంటి బదులు మందులు అంటుకోవడానికి ఎక్కువ వేడి కావాలి, రాయితో వచ్చే మంట వాటికి చాలదు.

మొదటిసారి కాల్చేది కూడా ఎండలో కాదు, ముసురు పట్టిన రోజున, పైకప్పున్న చోట కాల్చండి. రంజకం పోసే పళ్లెంలో మందు బురదవుతుంది, ఉక్కు చెమరుస్తుంది, రాయి మొరాయిస్తుంది. తుడవడం, మళ్లీ రంజకం పెట్టడం, ఓపిక పట్టడం ఒకే పూటలో వచ్చేస్తాయి. పెన్సిల్వేనియాలో 1974 నుంచీ చెకుముకి తుపాకులకే ప్రత్యేకంగా వేట సీజన్ ఉంది. ఇప్పటికీ అది క్రిస్మస్ దాటాక, మంచులో. ఆ అడవిలోకి వెళ్లేవాడికి ఎండలో నేర్చుకున్న విద్య ఎందుకు?

నా పద్ధతి ఎంత వెనకబడినదైనా, కొన్ని విషయాల్లో మాత్రం లోకంతోనే ఉంటాను. స్మోక్‌లెస్ మందు ఒక్క గింజ కూడా ఇందులో పోయకూడదు, గొట్టం బద్దలై ప్రాణం పోతుంది. కొమ్ములోంచి నేరుగా గొట్టంలోకి ఎప్పుడూ ఒంపొద్దు. లోపల నిప్పు కణిక ఒక్కటి మిగిలి ఉన్నా కొమ్మంతా చేతిలోనే పేలుతుంది. వేరే కొలపాత్రలోకి తీసుకుని, దాంతో పోయాలి. తుపాకీ చేసినవాళ్లు చెప్పిన కొలత దాటకూడదు. గుండు మందుని ఆనుకుని కూర్చోవాలి, మధ్య ఖాళీ ఉండకూడదు. అందుకే రామ్‌రాడ్ మీద గుర్తు గీసుకుంటారు. పేలకపోతే కనీసం ఒక నిమిషం మూతిని గురి వైపే ఉంచి కదలకుండా నిలబడాలి. కళ్లద్దాలు, చెవి మూతలు తప్పవు. సీసం ముట్టుకున్న చేత్తో ఏదీ తినొద్దు.

చట్టం సంగతి కూడా ముందే తేల్చుకోండి. అమెరికాలో 1968 గన్ కంట్రోల్ చట్టం ఈ రకం తుపాకుల్ని చాలావరకు పురాతన ఆయుధాలుగా పక్కన పెట్టింది గానీ, రాష్ట్రాల నియమాలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. వీసా మీద ఉన్న మనవాళ్లు ఇమిగ్రేషన్ లాయరుని అడగకుండా ఏదీ కొనొద్దు. ఇండియాలో అయితే ఊళ్లో నాటు తుపాకీకైనా లైసెన్సు కావాలి. కొడగు వాళ్లకున్న మినహాయింపు మనకి లేదు.

కొమ్ము కోసం ఇండియానాలోని ఫ్రెండ్‌షిప్ అనే చిన్న ఊరికి వెళ్లండి. 1933లో పుట్టిన జాతీయ మజిల్‌లోడింగ్ రైఫిల్ సంఘం అక్కడ జూన్‌లో, సెప్టెంబరులో పోటీలు పెడుతుంది. ఎద్దుకొమ్ముని పలచగా గీకి, లోపలి మందు మట్టం వెలుతురులో కనిపించేలా చేసినవి దొరుకుతాయి. చేతిలో పట్టుకుని, బిరడా పళ్లతో లాగి చూసి కొనండి. రెండో చెయ్యి ఖాళీ ఉండదు కాబట్టి అది పళ్లతో రావాలి.

ఏడాది గడిచి ఇక తుపాకీ కొనే రోజు వచ్చినప్పుడు, పాతది దొరికితే పాతదే చూడండి. ఇంట్లో గోడకి తరాలుగా వేలాడినవాటిలో కొన్ని లోపల మందుతోనే అమ్మకానికి వస్తాయి. అందుకని బేరమాడకముందే, మూతి ఎవరి వైపూ లేకుండా, మీ మొహం కూడా దానికి అడ్డం లేకుండా పెట్టి, ఒక సన్నని కర్రని లోపలికి ఆనేదాకా దింపి మూతి దగ్గర గుర్తు పెట్టండి. అదే కర్రని బయట గొట్టం పక్కన ఆనించి చూడండి. కర్ర కొస రంజకం బెజ్జం దాకా రాకుండా ముందే ఆగిపోయిందంటే లోపల ఏదో ఉంది. తెలిసిన గన్‌స్మిత్ దగ్గర అది తీయించాకే ధర మాట్లాడండి.