బావ లయ తప్పలేదు

మా బావకు లయ సడలిందని చుట్టాలకు ఫోన్లు చేసి మరీ చెప్పిన ఘనుణ్ని నేనే. ఆయన న్యూజెర్సీలో మృదంగం, నేను హైదరాబాదులో వయొలిన్. 2020లో కచేరీలు ఆగిపోయినప్పుడు వీడియో కాల్‌లో కలిసి వాయిద్దామన్న తెలివీ నాదే. మధ్యమకాలంలో ఎత్తుకున్న హంసధ్వని కీర్తన చరణానికొచ్చేసరికి విలంబంలో పడేది.

"బావా, లాగుతున్నావు."

"లాగేది నువ్వురా, నీ వెనకాలే వస్తున్నా."

ఇద్దరమూ నిజమే చెప్పాం. నా స్వరం ఆయనకు ఆలస్యంగా చేరుతుంది. దాన్ని పట్టుకుని ఆయన వేసిన దెబ్బ నాకు ఇంకా ఆలస్యంగా వస్తుంది. దానికోసం నేను ఆగుతాను, నాకోసం ఆయన ఆగుతాడు.

ఇది తట్టక, ఏడాది డబ్బు ముందే కట్టి పెద్ద ఇంటర్నెట్ ప్లాన్ తీసుకున్నాను. మా ఆవిడ సీరియళ్లు బాగుపడ్డాయి, మా లయ కాదు. ఫైబర్‌లో వెలుగు సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. న్యూజెర్సీ దాదాపు 13,000 కిలోమీటర్లు. తిన్నగా తీగ లాగినా పోవడానికే 65 మిల్లీసెకన్లు. కలిసి వాయించేటప్పుడు చెవి ఓర్చుకునేది 25, 30 దాకానే. వేదిక మీద రెండు మీటర్ల దూరంలో మోగిన మృదంగం 6 మిల్లీసెకన్లలో వినిపిస్తుంది. ఈ లెక్కకు ఇంటర్ చదువు చాలు, నేను ఇంజనీరుని. పైగా చెవుల్లో బ్లూటూత్, దాని ఆలస్యం దానిది!

శ్రుతి సంగతి ఇంకా సిగ్గుచేటు. శ్రుతి వినపడటం లేదని బావ అంటే, "ఇక్కడ మోగుతూనే ఉంది, చెవులు చూపించుకో" అన్నాను. ఒకే తీరున ఆగకుండా సాగే మోతను వీడియో కాల్ యాప్ ఫ్యాను చప్పుడనుకుని తీసేస్తోంది. తంబుర చేసేదే ఆ పని కదా! నాయిస్ సప్రెషన్ ఆపేస్తే సరిపోయింది.

చివరికి నిన్‌జామ్ దొరికింది. విన్‌యాంప్ చేసిన జస్టిన్ ఫ్రాంకెల్ వాళ్లు 2005లో తెచ్చిన సాఫ్ట్‌వేర్. ఆలస్యాన్ని తగ్గించాలని చూడదు, ఏకంగా ఒక ఆవర్తనం దాకా సాగదీస్తుంది. ఆదితాళం, నిమిషానికి 60 అక్షరాలైతే 8 సెకన్లు. బావ కిందటి ఆవర్తనంలో వాయించిందాని మీద నేను ఇప్పుడు వాయిస్తాను. కాలప్రమాణం కదలదు. కాకపోతే నేను చరణం ఎత్తుకున్నాక అనుపల్లవి తీర్మానం వచ్చి పడుతుంది. సంగతులు తగ్గించరా, ఇంత తికమక ఉండదంటాడు బావ. అవి ఎప్పుడూ ఎక్కువేనట.