మక్క గట్కకు పాస్‌పోర్ట్

మక్క గట్క తినాలని మనసైతే ఆదిలాబాద్ దిక్కు బోథ్‌లో పొయ్యి ముట్టించే రోజులు పోయినయి. ఇప్పుడు డాలస్ పోవాలె. అక్కడ నార్త్‌పార్క్ అనే మాల్‌లో మూడంతస్తుల ఇటాలియన్ అంగడి ఒకటుంది. పేరు ఈటాలి. 2020 డిసెంబర్‌లో తెరిచారు. (పేరు వినగానే హుజూరాబాద్ వాళ్ళకు వాళ్ళ పాత ఎమ్మెల్యే ఇంటిపేరు గుర్తుకొస్తే అది వాళ్ళ తప్పు కాదు.) ఇలాంటి అంగళ్ళలో పోలెంటా అని రాసిన సంచులు కొలువుదీరి ఉంటాయి. సంచి మీద కొండలు, మబ్బులు, ఓ పాత విసుర్రాయి. వెనక్కి తిప్పి చిన్నక్షరాలు చదివితే విషయం బయటపడుతుంది: మక్కల రవ్వ. మరిగే నీళ్ళలో కొంచెం కొంచెంగా పోస్తూ, ఉండ కట్టకుండా కర్రతో కలియబెడుతూ ముప్పావుగంట ఉడికించాలట. బోథ్ మండలంలో ఏ అవ్వకు చదివి వినిపించినా "గట్కకు గింత పురాణమెందుకు బిడ్డా?" అంటుంది.

పురాణమే అసలు సరుకు. మక్కలు ఉత్తపుణ్యానికి కలుస్తాయి.

ఈ పురాణం చెప్పినాయన ఆస్కార్ ఫారినెట్టి. అంతకుముందు ఆయన అమ్మింది టీవీలు, ఫ్రిజ్‌లు. యూనియూరో అనే దుకాణాల వరుసను పెంచి, అమ్మేసి, 2007 జనవరిలో టూరిన్ నగరంలో మూతబడ్డ కార్పానో వెర్మూత్ ఫ్యాక్టరీలో మొదటి ఈటాలి పెట్టాడు. 2010లో న్యూయార్క్ చేరింది. ఇప్పుడు టోక్యోలోనూ ఉంది, దుబాయ్‌లోనూ ఉంది. అమ్మకం పద్ధతి ఒక్కటే: ఇక్కడ కొనండి, ఇక్కడే తినండి, ఎలా పండిందో ఇక్కడే నేర్చుకోండి. ఒక పక్క చేపలు, ఇంకో పక్క రొట్టెల పొయ్యి, మధ్యలో బల్లలు, వాటి మీద తెల్లని నాప్‌కిన్లు. కాయగూరల బుట్ట పక్కనే రెస్టారెంటు, రెస్టారెంటు పక్కనే సబ్బులు. చిన్న రైతు, చిన్న ఊరు, చిన్న కుటుంబం అని గోడల నిండా రాసి ఉంటుంది. 2022లో ఈ చిన్న కుటుంబాల దుకాణంలో 52 శాతం వాటా ఇన్వెస్టిండస్ట్రియల్ అనే పెట్టుబడి సంస్థ చేతికి వెళ్ళింది. ఆ సంగతి గోడ మీద రాసుకునేది కాదు గదా.

మన దిక్కు పిల్లలు అమెరికాలో కుదురుకున్నాక అమ్మానాన్నలను ఆరు నెలల వీసా మీద పిలిపించుకుంటారు. గుడి, అవుట్‌లెట్ మాల్, నయాగరా అయిపోయాక ఒక శనివారం ఇక్కడికి తీసుకొస్తారు. తండ్రికి కాళ్ళు నొప్పి, తల్లికి చలి. కొడుక్కు మాత్రం ఒళ్ళంతా ఉత్సాహం.

"బాపూ, ఇది సూపర్ మార్కెట్ కాదే. అంగడి. మన బోథ్ అంగడి లెక్క."

"మరి బేరం చెయ్యనిస్తరానే?"

"చెయ్యనియ్యరు."

"కొసరు పెడ్తరా?"

"పెట్టరు."

"మరి అంగడెట్లయితది బిడ్డా?"

కొడుకు జవాబు చెప్పడు. ఫోన్ తీసి తండ్రిని జున్ను చక్రాల ముందు నిలబెట్టి ఫొటో తీస్తాడు. ఆ సంభాషణలో గెలిచింది ఎవరో ఫొటోలో కనబడదు.

అంగడంటే తక్కెడ, నోరు, మొండితనం. ఆదిలాబాద్ దిక్కు అంగట్లో ధర తెలుగులో మొదలై, మరాఠీలో దిగి, గోండిలో తెగుతుంది. మధ్యలో ఒకరినొకరు నాలుగు మాటలనుకుంటారు. "నీ ఎల్లిగడ్డలేమన్న బంగారమా?" అని కొనేవాళ్ళు లేచిపోతారు, "అట్లనే పో అక్కా, మళ్ళ ఇటే వస్తవు" అని అమ్మేవాళ్ళు వెనక నుంచి అంటారు, మళ్ళీ అటే వస్తారు. అమ్మేవాళ్ళకు ధర పెట్టే హక్కు, కొనేవాళ్ళకు దాన్ని ఎక్కిరించే హక్కు. అంత పవిత్రమైన చోటేం కాదని కూడా చెప్పాలి. ఇప్పపువ్వు, మొర్రిపలుకులు, తేనె, బంక తెచ్చిన గోండు, కోలాం ఇండ్ల వాళ్ళను తక్కెడతో, లెక్కతో, అప్పుతో ముంచినవాళ్ళు తరతరాలుగా ఉన్నారు. 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది ఊరికే కాదు. అయినా, మోసపోయినప్పుడు నడిబజార్లో నిలబడి తిట్టే వీలు అంగట్లో ఉంటుంది. మూడంతస్తుల చల్లని గదిలో ఎవరిని తిడతాం? బార్‌కోడునా?

కథ దగ్గరికొద్దాం, ఎందుకంటే అసలు గొప్ప అంతా అక్కడే ఉందంటారు. "ఏం తింటున్నామో దాని చరిత్ర తెలుసుకుని తినాలి." చాలా మంచి మాట. అయితే చరిత్ర మొత్తం చెప్పండి. ఉత్తర ఇటలీ పల్లెల్లో పోలెంటా నాయనమ్మ చేతివంట ఎలా అయింది? వేరే ఏమీ లేక అయింది. గోధుమ దొరగారికి, మక్కలు కౌలురైతుకు. పద్దెనిమిది, పంతొమ్మిది శతాబ్దాల్లో వెనెతో, లొంబార్దియా ప్రాంతాల పేదలు పొద్దున, మాపున అదే తిన్నారు. తిని తిని పెల్లాగ్రా అనే జబ్బు తెచ్చుకున్నారు. ఎండ తగిలిన చోటల్లా చర్మం పగిలి నల్లబడుతుంది, కడుపు చెడుతుంది, చివరికి మతి చెడుతుంది. ఆ కాలంలో అక్కడి పిచ్చాసుపత్రులు ఈ రోగులతో నిండిపోయేవి. మక్కలు పుట్టిన మెక్సికోలో ఈ బాధ లేదు. అక్కడివాళ్ళు మక్కలను సున్నపు నీళ్ళలో ఉడకబెట్టి రుబ్బుతారు, దాంతో గింజలో బిగుసుకుని ఉన్న నియాసిన్ విడుదలై ఒంటికి పడుతుంది. ఐరోపా మక్కలను తెచ్చుకుంది, సున్నాన్ని అక్కడే వదిలేసి వచ్చింది.

దీనికి మన దగ్గరా ఒక అధ్యాయం ఉంది. దక్కన్‌లో జొన్నే తిండిగా బతికిన పేదల్లో ఇదే పెల్లాగ్రా కనిపించింది. హైదరాబాద్ పోషకాహార పరిశోధనశాలలో పనిచేసిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంటియా 1960లో లాన్సెట్ పత్రికలో దీని మీద రాశారు. జొన్నలో ల్యూసిన్ ఎక్కువగా ఉండటమే కారణం కావచ్చన్నారు. జొన్న మంచిదే, మక్కలూ మంచివే. పప్పు, పాలు, ఆకుకూర, గుడ్డు దొరకని ఇంట్లో అవొక్కటే దిక్కయినప్పుడు వచ్చిన రోగమది. అంటే బోథ్ కూలోడు, వెనెతో కూలోడు ఒకరి మొహం ఒకరు చూడకుండానే చుట్టాలు. ఈ చుట్టరికం గురించి ఏ సంచి మీదా రాయరు. కరువును కడిగి ఆరబెట్టాక మిగిలినదాన్ని 'సంప్రదాయం' అని అమ్ముతారు.

నాయనమ్మ బొమ్మలో ఇంకో మనిషి కూడా లేడు. పార్మెజాన్ జున్ను చక్రం ముందు బాపును నిలబెట్టి ఫొటో తీశాడు చూడండి, దాని వెనక ఉన్న పాలు ఎవరు పిండారు? పో నది మైదానంలోని పాడి కొట్టాల్లో పంజాబ్ నుంచి వెళ్ళిన సిక్కులు వేలమంది పనిచేస్తున్నారు. ఆ జున్నుకు పేరుమోసిన రెజ్జియో ఎమీలియా జిల్లాలోనే నోవెల్లారా అనే చిన్న పట్నంలో వాళ్ళకో పెద్ద గురుద్వారా ఉంది. జలంధర్‌లో ఎద్దుల మధ్య పెరిగినవాడు ఇటలీలో పాలు పిండితే, అది జున్నయి, డాలస్ చేరితే, బోథ్ నుంచి వచ్చిన బాపు దాన్ని 'అసలైన ఇటలీ' అని రుచి చూస్తాడు. ఇంకాస్త దక్షిణాన, రోమ్ దగ్గర లతీనా పొలాల్లో 2024 జూన్‌లో యంత్రంలో పడి చెయ్యి తెగిన పంజాబీ కూలీని యజమాని ఆస్పత్రికి కాకుండా ఇంటి దగ్గర పడేసి పోయాడు. అతను బతకలేదు. లతీనా వీధుల్లో జనం నిలదీశారు, పార్లమెంటులో మాట్లాడారు. టమాటా డబ్బాల మీద మాత్రం ఎప్పటిలాగే సూర్యుడు ఉదయిస్తూనే ఉన్నాడు.

దుబాయ్ కొట్టు సంగతి వేరు. నిర్మల్, జగిత్యాల, కరీంనగర్ దిక్కుల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్ళకు ఇలాంటి మాల్‌లలో తలుపులు రెండు ఉంటాయని తెలుసు. ముందు తలుపు తుడిచేది వాళ్ళే, వెనక తలుపు నుంచి లోపలికి వచ్చేదీ వాళ్ళే. ఆలివ్ నూనెల్లో రకాలెన్నో వాళ్ళను అడగండి, గాజు సీసా పగిలితే ఎంత జారుతుందో కూడా చెబుతారు.

జున్ను చక్రం మీద నాకు కోపం లేదు, అసూయ ఉంది. దాదాపు నలభై కిలోల ఆ చక్రం తక్కువలో తక్కువ ఏడాది మాగాలి. అప్పుడు నిపుణుడొకడు చిన్న సుత్తితో తట్టి, చెవి ఒగ్గి విని, లోపల పగులు లేదంటేనే ముద్ర. క్రెదెమ్ అనే బ్యాంకు 1953 నుంచి ఈ చక్రాలను తాకట్టు పెట్టుకుని అప్పులిస్తోంది. బ్యాంకు గోదాముల్లో జున్ను మాగుతుంది, రైతు చేతిలో డబ్బు ఆడుతుంది. ఇక మన పత్తి సంగతి. బోథ్, ఇచ్చోడ, బజార్‌హత్నూర్ నుంచి పత్తి నింపుకుని ఆదిలాబాద్ యార్డుకు పోతే అక్కడ సుత్తికి బదులు తేమ కొలిచే మిషన్ ఉంటుంది. 8 శాతం దాటితే ధరలో కోత, 12 దాటితే ప్రభుత్వ పత్తి సంస్థ సీసీఐ కొనదు. 2024-25లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు. ఆ అంకె ఆకాశంలో ఉంటుంది, నవంబర్ మంచు పత్తి మీద ఉంటుంది. తేమ ఎక్కువైందని వెనక్కి పంపితే, యార్డు గేటు బయట ప్రైవేటు వ్యాపారి సిద్ధంగా ఉంటాడు. ఆయనకు తేమ అడ్డం రాదు. పత్తికి కథ చెప్పేవాడు లేడని కాదు, పత్తి రైతు చెప్పే కథ ఎవరూ గోడకు అతికించుకోరు.

తిట్టుకోవలసింది ఇటలీవాళ్ళనే అయితే ఈ వ్యాసం ఇంత దూరం రానక్కర్లేదు. మన సంగతే చూడండి. ఇంట్లో జొన్నగట్క పెడితే "ఛీ, కూలోళ్ళ తిండి" అని పళ్ళెం తోసేసిన తరమే, సన్నబియ్యం దొరికాక పెద్దింటివాళ్ళమయ్యామనుకున్న తరమే, షుగరొచ్చాక అదే జొన్నను అరకిలో ప్యాకెట్లో, జిప్ మూతతో, పైన ఇంగ్లీషు పేరుతో కొంటోంది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమంది, కేంద్రం బడ్జెట్లో వాటికి శ్రీ అన్న అని పేరు పెట్టింది. ఫైవ్‌స్టార్ హోటళ్ళలో సదస్సులు జరిగాయి. 2024-25లో హైబ్రిడ్ జొన్న మద్దతు ధర క్వింటాలుకు 3,371. కిలో 33 రూపాయల 71 పైసలు. అదే జొన్న ప్యాకెట్లోకి దూరాక ఎంతవుతుందో మీ ఇంటి వంటగదిలో డబ్బా తిప్పి చూసుకోండి. అటు ఆదిలాబాద్ ఫంక్షన్ హాళ్ళలో పెళ్ళి విందుకు పాస్తా కౌంటర్ పెట్టనిదే పెండ్లికొడుకు తరఫువాళ్ళ మొహం వెలగదు. తెల్లసాసు, ఎర్రసాసు, పైన చాట్ మసాలా. ఇటలీవాడు చూస్తే కళ్ళు తిరిగి పడిపోతాడు, అదొక్కటే ఈ మొత్తం వ్యవహారంలో నాకు కాస్త తృప్తి.

ఇప్పుడు కొందరు పెద్దలు మరో అడుగు వేశారు. పొచ్చెర, కుంటాల జలపాతాలకు జనం ఎటూ వస్తున్నారు కదా, బోథ్ దగ్గర ఈటాలి పద్ధతిలో ఆదివాసీ రుచుల అంగడి ఒకటి పెడితే ఎలా ఉంటుందని పెళ్ళిళ్ళలో, రియల్ ఎస్టేట్ ఆఫీసుల్లో చర్చ చేస్తున్నారు. నాది బేషరతు మద్దతు. పెట్టుబడి పెట్టేముందు ఒక్కసారి బొలోన్యా వైపు చూడమంటాను. తిండికి పెట్టింది పేరైన ఆ ఊళ్ళో 2017 నవంబర్‌లో ఫికో ఈటాలి వరల్డ్ అని పది హెక్టార్లలో తిండి పార్కు కట్టారు. ఆవులు, గానుగలు, పాఠాలు, రెస్టారెంట్లు అన్నీ ఒక్కచోటే. ఏడాదికి అరవై లక్షలమంది వస్తారని లెక్క వేసుకున్నారు. ఆ లెక్కలో సగం కూడా తేలలేదు. మొదట ఉచితంగా రానిచ్చారు, తర్వాత టికెట్ పెట్టారు, 2024లో పేరే మార్చేశారు. ఊరి నడుమ అసలు బజారు ఉండగా ఊరి బయట బొమ్మ బజారుకు ఎవరు పోతారు?

ఉట్నూరులో ఆదివాసీ మహిళలు సంఘం పెట్టుకుని ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు. అది నిజమైన పని, దాన్ని ఈ లెక్కలో కలపొద్దు. వాళ్ళకు కావలసింది సరుకు, గిరాకీ, సమయానికి డబ్బు. మన పెద్దలకు కావలసింది వాళ్ళ ఫొటో.

కాబట్టి బోథ్ అనుభవ కేంద్రం తప్పక రావాలి. ఏసీ ఉండాలి. నేల మీద మట్టివాసన కొట్టే మందు చల్లాలి. పుంటికూర గాజుసీసాలో, దాని మెడకు జనపనార దారం. గట్క రాతిపళ్ళెంలో గరిటెడు, పైన ఒక్క ఎండుమిరపకాయ, పక్కన పచ్చిపులుసు చుక్కలు. ప్రవేశ ద్వారం దగ్గర అసలైన అవ్వ ఒకామె కూర్చుని జొన్నరొట్టె తట్టాలి. పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా. మెడలో గుర్తింపు కార్డు కనబడకుండా కొంగు కింద వేసుకోవాలి. వచ్చినవాళ్ళకు నవ్వుతూ ఫొటో ఇవ్వాలి, ధర గురించి మాట్లాడకూడదు. ఇంటర్వ్యూకు వచ్చిన మొదటి అవ్వతోనే చిక్కు వస్తుందని నా అనుమానం. జీతం ఎంతో చెప్పగానే ఆమె కొంగు దులుపుకుని లేచి, "గిదేం ధర కొడుకా, ఇంకో రెండు వేలు ఎక్కు" అంటుంది. కేంద్రం నిబంధనల ప్రకారం ఆవరణలో బేరం నిషిద్ధం కనుక, ఆ ఉద్యోగానికి హైదరాబాద్ నుంచి ఎవరినైనా మోడల్‌ను తెచ్చుకోవలసిందే.