కబురు పంపి కొండెక్కేవాళ్లం

మా రోజుల్లో లంబసింగి పైకి వెళ్తున్నానంటే నర్సీపట్నం బస్టాండులో టీకొట్టువాడు కూడా జాలిగా చూసేవాడు. ‘‘ఏటి మేష్టారూ, పైవోళ్లతో గొడవేటి?’’ అనేవాడు. అధికారికి కోపం వస్తే తప్ప ఏ ఉద్యోగస్తుడూ ఆ ఘాటీ ఎక్కడని ఊరివాళ్ల నమ్మకం. అందులో అబద్ధమూ లేదు. ఇప్పుడు అదే చోటికి జనం సెలవు పెట్టి, డబ్బు కట్టి మరీ వెళ్తున్నారు. డిసెంబరులో శనివారం రాత్రయితే ఘాట్ రోడ్డు మీద కారు వెనక కారు ఆగిపోయి, అడవి మధ్యలో హారన్లు మోగిస్తున్నారు. డబ్బిచ్చి వణకడంలో సరదా ఉంటుందని మా తరానికి తట్టలేదు.

మొన్న మా మనవడు వాళ్ల ప్లాను చూపించాడు. ఫోనులో గళ్లు గీసిన పట్టిక. రాత్రి 12కి విశాఖలో బయల్దేరాలి. 4కి లంబసింగి, 6.20కి సూర్యోదయం, 7.30కి బొంగు చికెన్, 9కి తాజంగి రిజర్వాయరు. నడుమ స్ట్రాబెర్రీ తోటకి ఇరవై నిమిషాలు. రాత్రికి పాడేరు చేరి, మర్నాడు చీకటితో లేచి వంజంగి కొండ మీద మేఘాలు చూడాలి. మేఘాలక్కూడా టైము వేశాడు వెధవ! పైనుంచి కిందదాకా రెండుసార్లు చదివి, ‘‘ఒరే, ఇందులో మనుషులేరీ?’’ అన్నాను. ‘‘ఆరుగురం తాతా’’ అన్నాడు.

నేనడిగింది వాళ్ల సంగతి కాదు.

1970ల్లో నేను చింతపల్లి అవతల ఓ కొండ ఊళ్లో పంతులుగా చేశాను. బడికంతటికీ ఒక్కణ్నే. సెలవులకి కిందికి దిగి మళ్లీ పైకి వెళ్లాలంటే ముందు చేయాల్సిన పని టిక్కెట్టు కొనడం కాదు, సంతలో ఆ ఊరివాళ్లని పట్టుకోవడం. వాళ్లు తెల్లవారుజామునే బయల్దేరి, కావిళ్లలో అడ్డాకులు, పిప్పళ్లు, పసుపు, చింతపండు మోసుకుని దిగేవారు. సాయంత్రం ఉప్పు, ఎండుచేపలు, పొగాకు కట్టుకుని తిరుగుదారి పట్టేవారు. ఆ నడుమ ఎవరో ఒకరి చెవిలో మాట వేయాలి: ‘‘మేష్టారు వచ్చే సంతకి వస్తున్నాడని చెప్పు. గెడ్డ దగ్గరికి ఎవర్నైనా పంపమను.’’ మళ్లీ సంతకి జవాబు వచ్చేది. ఓసారి ‘‘గెడ్డ పొంగింది, ఆగమన్నారు’’ అని. ఓసారి ‘‘ఇటుకల పండగ పెట్టాం, తొందరగా రమ్మన్నారు’’ అని. మరోసారి ‘‘ఇంటింటా చలిజ్వరం, మాత్రలు పట్టుకు రమ్మన్నారు’’ అని. ఈ మూడో జవాబు వచ్చిందంటే నా పెట్టెలో బట్టలు తగ్గి క్లోరోక్విన్ పెరిగేది.

అదీ మా ప్లాను. వారం పట్టేది. సగం నేను వేసేవాణ్ని, మిగతా సగం ఆ ఊరు వేసేది.

నర్సీపట్నం దాకా రావడమే ఒక తంతు. నర్సీపట్నం రోడ్ అని రైల్వే స్టేషన్ ఒకటుంది చూడండి, ఆ పేరు నమ్మి కొత్తవాళ్లు దిగేసి, ఊరెక్కడని అడిగి, లెంపలు వేసుకునేవారు. స్టేషనుకీ ఊరికీ పొంతన లేదు. నర్సీపట్నం నుంచి లంబసింగి సుమారు 30 కిలోమీటర్లు. బస్సు దొరికితే బస్సు, లేకపోతే జీపు. ఆ జీపులో లోపల ఎందరో, టాపు మీద అందరు. చింతపల్లి దాటాక ఇక కాళ్లే.

గెడ్డ సంగతి కొంచెం చెప్పాలి. వానాకాలంలో ఒకసారి మధ్యాహ్నానికి ఒడ్డుకి చేరాం. నన్ను తీసుకెళ్లడానికి వచ్చిన పెద్దాయన నీళ్లకేసి చూసి, మాట్లాడకుండా ఒక పుల్ల విరిచి, నీటి అంచున ఇసకలో గుచ్చాడు. చుట్ట వెలిగించి, మండే కొస నోట్లో పెట్టుకుని కూర్చున్నాడు. నేను గడియారం చూసుకోవడం, ఆయన పుల్ల చూసుకోవడం. నీళ్లు పుల్ల వదిలి నాలుగు వేళ్ల మేర వెనక్కి తగ్గాక లేచి, చెయ్యి చాచాడు. రాళ్ల జాడ ఆయన పాదాలకి తెలుసు, నా పని ఆయన చెయ్యి వదలకపోవడమే. దాటేసరికి పొద్దువాలింది. ఊళ్లో చోడి అంబలి తాగి, నెగడు పక్కన పడుకున్నాం. ‘ఆలస్యం’ అన్నవాడు ఒక్కడూ లేడు.

ఇదంతా విని మా వాడు, ‘‘ఇప్పుడు గెడ్డ మీద బ్రిడ్జి ఉంటుంది తాతా’’ అన్నాడు. ఉండొచ్చురా, చాలాచోట్ల పడ్డాయి, సంతోషమే. చలిజ్వరంతో పిల్లలు పోవడం చూసినవాణ్ని, రోడ్డు వద్దని నేనెందుకంటాను? కానీ నీ కారు ఎక్కే ఘాటీకి ఒక కథ ఉంది. తెల్లదొరల కాలంలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం జనం చేత రోడ్డు పనులు చేయించి, కూలి సరిగా ఇవ్వక ఏడిపించాడు. 1922లో పితూరీ లేవడానికి ఉన్న కారణాల్లో అదొకటి. ఆ ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకుపోయింది. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మా మనవడికి రామరాజు సినిమాలో తెలుసు. తాను బొంగు చికెన్ తినబోయే దారిలోనే ఇదంతా జరిగిందని తెలీదు. 2022లో జిల్లాకే ఆయన పేరు పెట్టారు, బోర్డుల మీద కనబడుతూనే ఉంటుంది. వీళ్లు బోర్డు పక్కన నిలబడి సెల్ఫీ తీసుకుంటారు, చదవరు.

‘ఆంధ్రా కశ్మీర్’ అన్న పేరొకటి తగిలించారు లంబసింగికి. 3,000 అడుగుల పైన ఉంది, చుట్టూ అడవి, కాబట్టి డిసెంబరు, జనవరి నెలల్లో సున్నా డిగ్రీల దగ్గరికి దిగే రాత్రులు ఉంటాయి. అంతే. పొగమంచు దట్టంగా పడుతుంది గానీ కశ్మీరులోలా మంచు తెల్లగా పేరుకోదు. అది లేదని అలిగి, అక్కడి టీకొట్టువాడితో దెబ్బలాడే బాపతు కూడా తయారైంది.

మా వాడి స్నేహితుడు ఇంకో అడుగు ముందుకేశాడు. ‘‘అంకుల్, అక్కడ రెండెకరాలు కొని రిసార్టు పెడితే?’’ అన్నాడు. నాయనా, అది షెడ్యూల్డ్ ప్రాంతం, 1970 నాటి 1/70 చట్టం ప్రకారం గిరిజనేతరులు భూమి కొనడానికి వీల్లేదు అన్నాను. ‘‘ఎవరి పేరు మీదైనా...’’ అని నసిగాడు. నలభై ఇళ్ల ఊళ్లో నేను అన్నేళ్లున్నా, గుడిసె వేసుకునే జాగా కూడా నాదనుకోలేదు. వీడికి చూడకముందే రెండెకరాలు కావాలట.

ఆ జిల్లాలోనే రోడ్డు లేక గర్భిణిని డోలీలో మోసుకొచ్చే ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి. పేపర్లో చదువుతూనే ఉన్నాం. సూర్యోదయం కనిపించే కొండకి మాత్రం కార్లు బారులు తీరుతున్నాయి. ఎవరి ప్లాను ముందు పూర్తయిందో చూడండి.

నా సణుగుడు ఆపుతాను. వెళ్లేవాళ్లు ఎలాగూ వెళ్తారు, మా వాళ్లు కూడా వచ్చే శనివారం బయల్దేరుతున్నారు. వాళ్లకి చెప్పిందే మీకూ చెప్తున్నాను. బయల్దేరే ముందు ఆ ఊళ్లో ఒక మనిషికి ఫోను చేయండి. మేం సంతలో వారం వెతికేవాళ్లం, మీకు నిమిషం పని. పంటలేటి, పండగలేటి, రావచ్చా వద్దా అని అడగండి. వలిసె పూల చేలల్లో ఫొటోల కోసం దిగి తొక్కకండి, అది నూనెగింజల పంట. పాటల పెట్టెలు కిందే వదిలేయండి. తీసుకెళ్లిన నీళ్ల సీసాలు, చిప్స్ కవర్లు మళ్లీ కారులోనే కిందికి తెచ్చుకోండి. సంతలో రాజ్‌మా, పసుపు, పిప్పళ్లు కొంటే అడిగినంత ఇచ్చేయండి, బేరాలాడకండి.