“రైస్ మానేశానండీ”: సటీకా తాత్పర్యము

మూలము: “నేను రైస్ మానేశానండీ. ఓన్లీ మిల్లెట్స్.”

అవతారిక: ఈ సూత్రము షేక్‌పేట మండలమందలి జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగరు ప్రాంతములలో ఉదయపు నడకయందు, కథాచర్చలయందు, పెండ్లి విందులో పళ్ళెము పట్టి నిలుచున్నవారియందు, ఎవరును అడుగకయే వెలువడును. కర్త అజ్ఞాతుడు. ఏదో ఆడియో వేడుకలో కథానాయకుని ఆరుపలకల దేహమును వర్ణించుచుండగా పుట్టెనని కొందరు.

ప్రతిపదార్థము: విడువబడినది. అర్థము కానివారు వక్తనే అడుగుదురు గాక. అరగంటకు తక్కువ చెప్పడు.

టీక: ఇట త్యాగవీరము ప్రధానము. శిబి తన మాంసము నిచ్చెను, కర్ణుడు కవచము నిచ్చెను, మనవాడు బి.పి.టి. 5204 సన్నబియ్యము నిచ్చెను.

శంక: ఎవరికి?

సమాధానము: ఎవరికిని ఇయ్యలేదు. దాని చోట రెండు గిన్నెల కొర్రల బిర్యానీ లోనికి పోయినది. కొర్రలలోను నూటికి సుమారు అరువదిపాళ్ళు పిండిపదార్థమే. పీచు హెచ్చన్నది నిజము. రాగులందు నూరు గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము కలదు, బియ్యమందు పది చుట్టుపట్ల, అదియు నిజమే. రాగి బిస్కత్తులోని చక్కెర మాత్రము రాగిది కాదు.

విశేషము: పల్నాట ఎటు చూచినను జొన్నలే కనబడి శ్రీనాథుడు సన్నన్నమునకు మొగము వాచెనని ఆయన పేరిటి చాటువులవలన తెలియుచున్నది. ఆ కవిసార్వభౌముడే నేడు ఫిల్మ్‌నగరులో దిగినచో, జొన్నకూటికై ముందుగా టేబులు బుక్ చేసికొనవలసి వచ్చును. మెదకుసీమ కొల్చారపు మల్లినాథసూరి అనవసరమైనది వ్రాయనని ప్రతినపూనిన వ్యాఖ్యాత. ఆయన పాదములకు మ్రొక్కి, మరికొంత అనవసరము వ్రాయుచున్నాను.

జొన్న అమృతమే యైనచో, జొన్నయే దిక్కైన దక్కను బీదలకు పెల్లాగ్రా ఏల వచ్చెను? అది ఎండ సోకినచోటనెల్ల చర్మము నల్లబడి పగులు రోగము. విరేచనములు పట్టును, ముదిరినచో మతి తప్పును. తార్నాక పోషకాహార పరిశోధనశాలకు చెందిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య గార్లు 1960లో లాన్సెట్ పత్రికయందు దీనిని జొన్నలోని ల్యూసిను అను అమైనో ఆమ్లముతో ముడిపెట్టిరి. ఆ వాదముపై తరువాత పండితులు కలహించిరి. రోగుల కంచమును గూర్చి మాత్రము కలహము లేదు: అందు జొన్న నిండుగా నుండెను; పాలు, మాంసము, పప్పు అంతంతమాత్రము.

ఇక్కడ గ్రాంథికం నాకు అడ్డొస్తోంది. ఆ జొన్నకూడు తిన్నవాళ్ళను చూసి నవ్విన ఊరే ఇది. 2025 ఉగాదికి తెలంగాణ రేషన్ దుకాణాల్లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం మొదలైంది. శ్రీనాథుడు కలవరించిన సన్నన్నం జూబ్లీహిల్స్ గుట్ట కింది బస్తీలోకి వచ్చిందో లేదో, గుట్ట మీదివాళ్ళు దాన్ని విషమనేశారు. ఆ సన్నన్నం పచ్చిపులుసుతో తిని డ్యూటీకెక్కే వాచ్‌మన్‌ను “ఏం మానేశావయ్యా?” అని ఎవరూ అడగరు. అడిగితే పప్పు, గుడ్డు, పాలు అని పెద్ద జాబితాయే చెప్తాడు. మానేయడం గొప్ప కావాలంటే ముందు ఇంట్లో ఉండాలి కదా!

తాత్పర్యము: ఆ తార్నాక శాలయే నేటి జాతీయ పోషకాహార సంస్థ. 2024లో అది వెలువరించిన మార్గదర్శకాల ప్రకారము ధాన్యములన్నియు, చిరుధాన్యములతో సహా, దినపు శక్తిలో 45 శాతము మించరాదు. పళ్ళెములో సగము కూరలు, ఆకుకూరలు, పండ్లు ఉండవలెను. అనగా గింజ మారినను కుప్ప తగ్గనిచో ఫలము స్వల్పమని భావము.

ఫలశ్రుతి: ఈ టీక చదివినవారు బియ్యమే తిందురు గాక, సామలే తిందురు గాక, పక్కన పప్పు మరువకుందురు గాక, ఏమి మానిరో ఎదుటివానికి చెప్పుట మానుదురు గాక.