ఖాళీ అయ్యాకే నా బతుకు మొదలైంది

నేను అట్టపెట్టెను. బట్టలుతికే మిషన్‌ను కడుపులో పెట్టుకుని షికాగో పక్కన అరోరాలో ఉన్న ఒక తెలుగువాళ్ల ఇంటికి వచ్చాను. మిషన్ బిగించిన కుర్రాళ్లు నన్ను మడిచి వ్యాన్‌లో పడేయబోతుంటే ఆ ఇల్లాలు ఆపింది. "పెట్టె ఉండనివ్వండి, మా పాపకు కావాలి" అంది.

అది 2019 జనవరి నెలాఖరు. ధ్రువం దగ్గర తిరగాల్సిన చలిగాలి అమెరికా నడిబొడ్డుకు దిగివచ్చిన వారం. 30వ తేదీన ఒహేర్ విమానాశ్రయంలో మైనస్ 31 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. బళ్లు మూసేశారు. షికాగో చుట్టుపక్కల ఆ రోజు ఉత్తరాల బట్వాడా కూడా నిలిపేశారు. అంత చలిలో కప్పుకోని చర్మం నిమిషాల్లో గడ్డకడుతుంది. పసివాళ్లకు ముప్పు మరీ ఎక్కువ. బరువుతో పోలిస్తే వాళ్ల ఒంటి చర్మం విస్తీర్ణం పెద్దది, ఒంట్లో వేడి త్వరగా జారిపోతుంది.

రెండేళ్ల పిల్లకు ఇవన్నీ ఏం తెలుసు? బూట్లు చేత్తో పట్టుకుని తలుపు దగ్గర నిలబడి "బైటికి, బైటికి" అని ఒకటే ఏడుపు. తెనాలి నుంచి వచ్చిన అమ్మమ్మకు పాలుపోలేదు. తన ఊళ్లో అయితే కాకిని చూపించి, వీధిలో పోయే గేదెను చూపించి నాలుగు ముద్దలు పెట్టేసేది. ఇక్కడ కిటికీ అద్దం నిండా మంచు పూత, చూపించడానికి ఏమీ లేదు.

ఫోను చేతికిస్తే పిల్ల కదలకుండా కూర్చుంటుంది. నన్నడిగితే, ఆ కదలకపోవడమే అసలు చిక్కు. ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు ఏదో ఒక రకంగా ఒళ్లు కదిలించాలని, రెండేళ్లవాళ్లకు తెర ముందు గంట మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ ఏడాది ఏప్రిల్‌లో చెప్పింది. గడప దాటకుండా మూడు గంటలు!

ఆ రాత్రి పిల్ల నిద్రపోయాక వాళ్ల నాన్న నా ఒంటికున్న పిన్నులన్నీ పీకేశాడు. థర్మోకోల్ ముక్కల్ని, ప్లాస్టిక్ సంచుల్ని ఏరి బయట పడేశాడు. కోసిన అంచుల మీద టేపు అతికించాడు. రెండు వైపులా మూతలు తెరిచి నన్ను నేల మీద అడ్డంగా పడుకోబెట్టాడు. నా బయటి గోడ మీద రంగు పెన్సిళ్లతో తలుపూ కిటికీలూ గీసి, ఇల్లు తయారైందని మురిసిపోయాడు.

తెల్లారి పిల్ల చూసింది. "బస్సు" అంది.

ఇల్లమ్మా అని నాన్న ఎంత చెప్పినా వినలేదు. అమ్మమ్మకు సంగతి వెంటనే అర్థమైంది. "ఎక్కడికి పోతుందే తల్లీ నీ బస్సు?" అంది.

"తెనాలి!"

అంతే, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆ బస్సు తిరుగుతూనే ఉంది. పిల్ల ఇటు నుంచి పాక్కుంటూ దూరి అటు తేలేది, అటు నుంచి మళ్లీ ఇటు. మోకాళ్లు పట్టేసిన అమ్మమ్మ పక్కనే చాప వేసుకుని కూర్చుని, సాక్సులు ఉండలుగా చుట్టి నాలోంచి దొర్లించేది. పిల్ల పరుగున వెళ్లి తెచ్చేది. మధ్యాహ్నం గుజ్జనగూళ్లు మొదలయ్యాయి. ఆవిడ శనగల డబ్బా తీయబోతే కూతురు పరుగెత్తుకొచ్చింది. "అమ్మా, అవొద్దు, నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డం పడతాయి." శనగల బదులు బంగాళాదుంపలు వచ్చాయి. గిన్నెలో వేయడం, తీయడం, మళ్లీ వేయడం. పెద్దవాళ్లకు విసుగనిపించే ఆ పనిలోనే ఆ వయసు పిల్లలకు ఎంతో సంతోషం.

గది మూల మీట నొక్కితే పాడే ఏనుగు బొమ్మ ఉంది. దానికి వచ్చింది ఆ ఒక్క పాటే. నాకు ఏ పనీ రాదు కాబట్టి నన్ను ఏం చేయాలో పిల్లే ఆలోచించుకోవాల్సి వచ్చింది. న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో స్ట్రాంగ్ మ్యూజియం ఉంది. అక్కడి జాతీయ బొమ్మల కీర్తిమందిరంలో 2005లో మా అట్టపెట్టెల జాతికీ చోటిచ్చారు. అది మాకు దక్కాల్సిన గౌరవమేనని ఆ పిల్లను చూశాక నమ్మాను.

చలి కాస్త తగ్గాక వాళ్లమ్మ స్టీలు బేసిన్ నిండా మంచు తెచ్చి, పిల్లకు గ్లవుజులు తొడిగి, గరిటె చేతికిచ్చింది. పిల్ల ఆ బేసిన్‌ను బస్సెక్కించింది. మంచు కరిగి నా అడుగు నానింది. రెండు అట్టల మధ్య అలలు అలలుగా ఉండే కాగితాన్ని పిండి జిగురుతో అతికిస్తే నేను తయారవుతాను. తడిస్తే ఆ జిగురు వదిలేస్తుంది. అప్పటికే ఎన్నోసార్లు తెనాలి వెళ్లొచ్చిన నన్ను ఆరబెట్టి, మడిచి, రీసైక్లింగ్ బండికి అందించారు.

మీ ఇంటికీ ఏ ఫ్రిజ్జో, ఏ మిషనో వస్తుంది. దాని పెట్టెను ఆ రోజే పారేయకండి. పిన్నులు పీకి, ప్లాస్టిక్ తీసేసి, కొన్నాళ్లు నేల మీద ఉంచండి. మీరూ దాని పక్కన కూర్చోండి.