హోమ్ వెతికేటప్పుడు వినకూడని సలహాలు

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో స్తంభాల పక్క సందుల్లోకి తిరిగితే, కోచింగ్ సెంటర్ల, హాస్టళ్ల బోర్డుల మధ్య ఓల్డేజ్ హోమ్ బోర్డులూ కనిపిస్తాయి. సూర్యాపేట వైపు నుంచి విజయవాడ హైవే మీద, దేవరకొండ వైపు నుంచి సాగర్ రోడ్డు మీద వచ్చేవాళ్లకు ఎల్బీనగరే హైదరాబాద్ నగరపు గుమ్మం. పిల్లలు అమెరికాలో ఉంటే హోమ్ వెతికే పని బంధువుల మీద పడుతుంది. వాళ్ల వెంటే సలహాలూ వస్తాయి. అందరూ మంచి మనసుతోనే చెబుతారు. వాటిలో కొన్ని మాత్రం పెద్దవాళ్ల ప్రాణం మీదికి తెస్తాయి.

"గోలా గొడవా లేకుండా ప్రశాంతంగా ఉన్నది చూసుకోండి."

నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరమైన సలహా ఇదే. ఇరవైమంది పెద్దవాళ్లున్న ఇంట్లో ఎవరో ఒకరు నీళ్లడుగుతారు, ఇంకొకరు ఆయాతో వాదిస్తారు, టీవీ మోగుతుంది. పగలు పదకొండింటికి అందరూ నిద్రలో ఉన్నారంటే మందుల డబ్బా చూడాలి. నిద్రమాత్ర పడిన మనిషి రాత్రి బాత్రూమ్‌కి లేచి తూలిపడతాడు. తుంటి ఎముక విరిగితే ఆ వయసులో చాలామందికి మునుపటి నడక తిరిగి రాదు. మగతలో ఉండగా తినిపిస్తే మెతుకులు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. ఆ మాత్ర ఏ డాక్టరు రాశారు, ఎన్నాళ్లకని రాశారు అని అడగండి. చీటీ చూపించలేని చోట చేర్చకండి.

"డైపర్ వేయించండి, ఏ బాధా ఉండదు."

ఎవరికి ఉండదు? చెయ్యి పట్టుకుంటే లేచి వెళ్లగలిగే అమ్మకు డైపర్ అలవాటు చేస్తే కొన్నాళ్లకు ఆ నాలుగడుగుల నడకా పోతుంది. మార్చమని అడగడానికి మొహమాటపడి నీళ్లు తాగడం తగ్గిస్తుంది. నీళ్లు తగ్గితే మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుంది, దాంతో మాట తడబడుతుంది. అప్పుడు "మీ అమ్మగారికి మతి తప్పుతోంది" అని ఫోన్ వస్తుంది. తడిలో నానిన చర్మం చిట్లి పుండు పడుతుంది.

పుండ్లు పడకుండా మంచం పట్టినవాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని నర్సులు చెబుతారు. అలాంటివాళ్లు పదిమంది ఉన్నారనుకోండి. తిప్పి, తుడిచి, దుప్పటి సర్దడానికి మనిషికి పది నిమిషాలు వేసుకున్నా మొత్తం నూరు నిమిషాలు. ఇంకో ఇరవై నిమిషాలకు మళ్లీ మొదటి మంచం. రాత్రి డ్యూటీలో ఒక్క ఆయానే ఉంటే ఆవిడ ఎంత మంచిదైనా తెల్లారేదాకా ఆ పని చేయలేదు. అందుకే "రాత్రి ఎంతమంది మెలకువగా ఉంటారు?" అన్నది గది అద్దె కంటే ముందు అడగాలి. పుండు పడితే ఆయాను తిట్టి లాభం లేదు, రెండో ఆయాను పెట్టని యజమానిని నిలదీయాలి.

"పొద్దున ఓసారి చూసొచ్చి అడ్వాన్స్ ఇచ్చేయండి."

పొద్దున పూట ఏ హోమైనా తుడిచే ఉంటుంది. రాత్రి భోజనాల వేళ వెళ్లండి. హాలు కంటే ముందు బాత్రూమ్ చూడండి: కమోడ్ పక్కన పట్టుకోవడానికి కడ్డీ ఉందా, నేల జారుతోందా, మంచం మీద నుంచి లైటు స్విచ్ అందుతుందా. మెట్ల బాధ లేదని గ్రౌండ్ ఫ్లోర్ అడుగుతాం, సబబే. అయితే 2020 అక్టోబరులో సరూర్‌నగర్ చెరువు పొంగి కోదండరాంనగర్ వంటి కాలనీలు మునిగాయి. లేవలేనివాళ్లను అర్ధరాత్రి పై అంతస్తుకు ఎవరు మోస్తారో ముందే అడిగి తెలుసుకోవాలి.

"తరచూ వెళ్లకండి, బెంగ పెట్టుకుంటారు."

2020 జనవరిలో నగర శివారు నాగారంలో, వృద్ధాశ్రమం పేరుతో నడుస్తున్న ఇంటి నుంచి రాచకొండ పోలీసులు 70 మందికి పైగా బయటికి తెచ్చారు. వాళ్లలో వృద్ధులూ ఉన్నారు, మానసిక రోగులూ ఉన్నారు. కొందరిని గొలుసులతో కట్టి ఉంచారు. రాకపోకలున్న ఇంట్లో గొలుసు దాచడం కష్టం. చెప్పకుండా వెళ్లండి, వేళలు మార్చి వెళ్లండి. దూరాన ఉన్నవాళ్లు వీడియో కాల్‌లో మొహం చూసి పెట్టేయకుండా, పుండ్లు పడే మడమలు, నడుము కింది భాగం చూపించమనాలి. అమ్మ ఒప్పుకుంటేనే సుమా, ఆమె సిగ్గు ఆమెది.

"ఫిర్యాదు చేస్తే అమ్మ మీద కక్ష కడతారు, ఊరుకోండి."

ఈ భయం నిజమైనదే, కొట్టిపారేయను. కానీ ఊరుకుంటే పుండు మానదు. ముందు డాక్టరుకు చూపించండి. తేదీతో ఫోటో తీసి యజమానికి రాతపూర్వకంగా ఇవ్వండి. 14567కి, అంటే ఎల్డర్‌లైన్‌కి, ఉదయం 8 నుంచి రాత్రి 8 లోపు ఫోన్ చేయండి, డబ్బేమీ కట్టక్కర్లేదు. కొట్టినట్టు, కట్టేసినట్టు తెలిస్తే నేరుగా 100కి చేయండి. అమ్మ అక్కడ ఒంటరిగా మిగలకుండా, ఫిర్యాదు చేసే రోజుకే ఆమె వెళ్లే రెండో చోటు మాట్లాడి ఉంచండి.