రచ్చకట్ట మీద పరిచిన పటాన్ని

నేను ఊరి పటాన్ని. అనంతపురం జిల్లాలో ఒక పంచాయతీ ఆఫీసు గోడకు వేలాడుతుంటాను. ప్రతి చేనూ సర్వే నంబరుతో సహా నాలో ఉంది. చెరువు, వంక, పశువుల బీడు, పొలిమేర రాళ్లు కూడా.

కరణాల కాలంలో నాది పెట్టెలో బతుకు. గట్టు తగాదా వస్తేనే బయటికి తీసేవారు. 1984లో కరణీకాలు రద్దయ్యాయి. 1993 ఏప్రిల్ 24న 73వ రాజ్యాంగ సవరణ అమల్లోకి వచ్చింది. పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాల్లో భూమి అభివృద్ధి, చిన్ననీటి వనరులు, సామాజిక అడవులు చేరాయి. అయినా ఊరి ప్రణాళిక చాలా ఏళ్లు నా మొహం చూడకుండానే తయారైంది. సిమెంటు రోడ్డు, మురుగు కాలువ, మళ్లీ సిమెంటు రోడ్డు. ఒకసారి వంకకు అడ్డంగా చెక్‌డ్యాం కట్టి, పైనున్న గుట్టను వదిలేశారు. గట్టి వానలు పడగానే అది మట్టితో పూడిపోయింది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా గ్యారంటీ లేని నేల ఇది. ఆ నీళ్లు పోతుంటే నాకు కడుపు తరుక్కుపోయింది.

మొన్నటి గ్రామసభకు ముందు నన్ను దించి రచ్చకట్ట మీద పరిచారు. పొదుపు సంఘం ఆడవాళ్లు ఎండిన ప్రతి బోరు దగ్గరా ఒక చింతగింజ పెట్టారు. తూర్పు చేలన్నీ గింజలతో నిండిపోయాయి. గొర్రెలు కాసే పెద్దాయన బీడు మీద వేలు పెట్టాడు.

"సారూ, గుట్ట నీళ్లన్నీ దిగేది ఈడికే. కింద కట్ట ఏస్తే ఏం లాభం? పైనే ఆపల్ల."

నాలో గీతలున్నాయి గానీ నీటి నడక లేదు. అది ఆయన కాళ్లకు తెలుసు. కార్యదర్శి, ఇంజనీరు ఆయన వెంట గుట్ట ఎక్కి వచ్చారు. వాలున కందకాలు, వాగుల్లో రాతికట్టలు, చేలల్లో పంటకుంటలు, ఆ తర్వాతే చెరువు పూడిక అని వరస కుదిరింది. మట్టి పనులు ఉపాధి హామీ కింద. 2006 ఫిబ్రవరి 2న ఆ పథకం దేశంలో మొదలైంది మా జిల్లా బండ్లపల్లిలోనే. 15వ ఆర్థిక సంఘం కూడా పంచాయతీలకిచ్చే నిధుల్లో 60 శాతాన్ని తాగునీటికి, వాననీటి నిల్వకు, పారిశుద్ధ్యానికి ముడిపెట్టింది.

సభలో అసలు వాదన బీడు మీద నడిచింది. ప్లాట్లు వేద్దామన్నారు కొందరు. "గొర్లు యాడికి పోవల్ల?" అని ఆడవాళ్లే లేచారు. చివరికి ఇళ్ల స్థలాలకు ఊరి పడమట మెరక చూపించి, బీడును మేతకే ఉంచాలని సర్వే నంబరుతో సహా తీర్మానం రాశారు. కందకాల పని ఈ ఎండాకాలమే మొదలవ్వాలి.